నాలుగింటి విమానం

"ఆ రోజు గడియారం చూశారా?" అని వదిన అడిగింది.

"గడియారమెందుకండీ? విమానం మోగింది. విమానం మోగితే నాలుగు," అంది టైలరమ్మ, మిషను ఆపకుండానే.

ఆమె అన్నదాంట్లో వింతేమీ లేదు. ఆ చిన్న దీవిలో రోజుకు ఒక్కటే విమానం దిగుతుంది. మూడింటికి పెద్ద దీవిలో లేచి, సముద్రం దాటి, నాలుగింటికి ఇక్కడ వాలుతుంది. ఊరి మీదుగా దాని మోత వినపడగానే దుకాణాల తలుపులు పైకి లేస్తాయి, కునుకు తీసినవాళ్ళు మొహం కడుక్కుంటారు, పొయ్యి మీద టీ నీళ్ళు పడతాయి. చేతికి వాచీ ఉన్నవాడు సైతం విమానాన్ని విని వాచీ దిద్దుకుంటాడే తప్ప, వాచీ చూసి విమానాన్ని శంకించడు.

శంకించడం వదిన వృత్తి. ఆమె ప్రైవేటు డిటెక్టివ్. వయసు యాభై దాటింది. భర్త తమ్ముడు పోలీసు ఇన్‌స్పెక్టరు. అతను చిన్నప్పటి అలవాటు కొద్దీ స్టేషన్లో నలుగురి ముందూ "వదినా" అని పిలవడంతో మొదట కానిస్టేబుళ్ళు, తరవాత వకీళ్ళు, చివరికి దొంగలు కూడా ఆమెను వదినగారనే పిలవసాగారు. ఈసారి వచ్చిన చిక్కల్లా, ఆమె తిరగదోడుతున్న కేసు ఆ మరిదిదే కావడం.

నాలుగు రోజుల కిందట, టైలరమ్మ ఇంటికి ఎదురుగా ఉన్న చేపల కోల్డ్ స్టోరేజీలో దాని యజమాని తల పగిలి చనిపోయాడు. శవం పక్కన స్పానరు పట్టుకుని నిలబడి దొరికినవాడు ఆయన అల్లుడు, కరెంటు పని చేసేవాడు. ఇవాళ నాలుగింటి విమానంలో ఇన్‌స్పెక్టరు అతన్ని పెద్ద దీవి కోర్టుకు తీసుకుపోతున్నాడు. తీసుకుపోయాక ఈ దీవిలో ఇక ఎవరూ నోరు విప్పరు. కేసు తేలిపోయిందని ఎవరి పనుల్లో వాళ్ళు పడతారు. తండ్రిని పోగొట్టుకుని, మొగుణ్ణి పోగొట్టుకోబోతున్న ఆ ఇంటి కూతురే నిన్న వదినను పిలిపించింది.

"సరే, విమానం మోగింది. అప్పుడు యజమాని కేక విన్నారు. ఏమని అరిచారు?"

"'జనం ప్రాణాలతో ఆడుకుంటున్నావు' అన్నాడు. రెండుసార్లన్నాడు. అవతలి మనిషి గొంతు వినపడలేదు, మెల్లిగా మాట్లాడాడు. తరవాత దభీమని చప్పుడు. చేపల పెట్టె పడేసి ఉంటాడులే అనుకున్నా. ఆ పెద్దాయనకు కోపం వస్తే ఏదో ఒకటి ఎత్తి పడేస్తాడు. నా బతుకంతా ఆ చప్పుళ్ళ ఎదురుగానే అయింది."

"తరవాత మీరేం చేశారు?"

"రోజూ చేసేదే. విమానం మోగితే టీ పెడతాను. తాగేసరికి స్కూలు వ్యాను వచ్చి మా మనవణ్ణి దింపుతుంది." టైలరమ్మ గొంతు ఒక్కసారిగా పెరిగింది. "ఆ రోజు ఆ వ్యాను డ్రైవరు ఎక్కడ చచ్చాడో గానీ! టీ తాగాను. గ్లాసు కడిగాను. ఒక చొక్కాకి రెండు చేతులూ ఎక్కించాను. అప్పటికి తగలడ్డాడు. ఉతికి ఆరేశాను వాణ్ణి."

"ఏమన్నాడు?"

"టైముకే వచ్చాడట. వాచీ తీసి నా మొహమ్మీద పెట్టాడు. వాచీ నాకు చూపిస్తావుట్రా, విమానం పోయి ఎంతసేపైంది అన్నాను. అప్పట్నించి వాడితో మాటల్లేవు. మనవణ్ణి వీధి చివర దింపి పొమ్మన్నా."

వదిన మొహంలో ఏమీ కనపడలేదు గానీ, ఆమె కూర్చున్న స్టూలు కాస్త ముందుకు జరిగింది.

"రెండు చేతులూ ఎక్కించడానికి ఎంతసేపు పడుతుందమ్మా మీకు?"

"కఫ్ పట్టీలతో సహా ఇరవై నిమిషాలు. కబుర్లు చెప్పే మనిషి ఎదురుగా కూర్చుంటే అరగంట," అని టైలరమ్మ ఆమెను ఓరగా చూసింది.

వదిన నవ్వింది. "ఆ రోజు విమానం మోత ఎప్పటిలాగే ఉందా?"

"ఎక్కడ! పోయిందనుకుంటే మళ్ళీ వచ్చింది. మళ్ళీ పోయింది. చెవిలో జోరీగలాగా. దానికేం రోగమో."

వదిన లేచింది. నిన్న తాను వచ్చిన విమానం గుర్తొచ్చింది. నడి సముద్రం మీద, కింద ఏమీ లేని చోట, విమానం ఒక పక్కకు ఒరిగి పెద్ద మలుపు తిరిగింది. దిగాక పైలట్‌ను అడిగింది, ఎందుకు తిరిగారని. "మధ్యలో నేవీవాళ్ళు ఫిరంగులు పేల్చి ప్రాక్టీసు చేసే చోటుందండీ," అన్నాడతను. "నేరుగా వస్తే రెండు దీవులకూ మధ్య నూట ఇరవై కిలోమీటర్లే. దాన్ని చుట్టి రావాలి గనక రెండొందలు దాటుతుంది. టైంటేబుల్లో గంట అని వేసింది ఈ చుట్టుదారికి. వాళ్ళకు సెలవు ఉన్న రోజు మాకూ అడ్డదారే. అరగంటకు కాస్త అటూ ఇటుగా ఊరి మీద ఉంటాం."

అప్పుడు ఊరికే విన్న మాట అది. ఇప్పుడు టైలరమ్మ కుట్టిన రెండు చొక్కా చేతుల పక్కన పెట్టి చూస్తే అతికినట్టు సరిపోతోంది.

"మీరెక్కడికీ వెళ్ళకండి. సాయంత్రం ఈ వ్యాను సంగతి ఇంకొకరి ముందు కూడా చెప్పాల్సి రావచ్చు," అంది.

"ఎందరి ముందైనా చెప్తా. ఆ డ్రైవరు ముందు మాత్రం చెప్పను," అంది టైలరమ్మ. మిషను మళ్ళీ జోరందుకుంది.

*

పోలీసు అవుట్‌పోస్టు రెండు గదుల కొంప. వెనక గదికి ఇనప ఊచలు బిగించి లాకప్పు చేశారు. అందులో అల్లుడు గోడకు జారగిలబడి ఉన్నాడు. ముందు గదిలో బెంచీ మీద అతని భార్య, ఆమె ఒళ్ళో నాలుగేళ్ళ పాప. పాపకు జ్వరం ఇంకా పూర్తిగా తగ్గలేదు.

బెంచీ పక్కన ఫైరాయన కూర్చుని పాపకు బిస్కెట్లు తుంచి ఇస్తున్నాడు. విమానాశ్రయంలో ఫైరింజను ఇన్‌చార్జి అతను. భారీ మనిషి, మెత్తటి మాట. అవుట్‌పోస్టుకు జీపు లేదు గనక ఖైదీని విమానం దాకా తన జీపులో దింపుతానని తనంతట తానే వచ్చాడు. ఆ దీవిలో అతని ఫైరింజను ఎక్కి గంట మోగించని పిల్లలు లేరు.

"రా వదినా," అన్నాడు ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి లేవకుండా. "టైలరమ్మ దగ్గరికి వెళ్ళావటగా. కొలతలిచ్చావా?"

"నీవే ఇచ్చాను. చొక్కా గుండీలు ఊడొచ్చేలా ఉన్నాయి."

పాప తల్లి ఆ స్థితిలోనూ నవ్వాపుకుంది. ఇన్‌స్పెక్టరు పొట్ట లోపలికి లాక్కుని, "పనిలోకి రా," అన్నాడు.

"వస్తున్నా. శవం మంచుగదిలో దొరికింది. అందుకని చనిపోయిన టైము చెప్పలేనని డాక్టరు చేతులెత్తేశాడు. మరి నాలుగని నీకెవరు చెప్పారు?"

"టైలరమ్మ."

"ఆమెకెవరు చెప్పారు?"

"విమానం."

"విమానానికి?"

"టైంటేబుల్ చెప్పింది. ఏమిటి వదినా ఈ చిన్నపిల్లల ఆట?"

"చిన్నప్పుడు నీకు లెక్కలు ఇలాగే చెప్పేదాన్ని. అప్పుడూ ఇలాగే విసుక్కునేవాడివి, తప్పులు చేసేవాడివి."

ఇన్‌స్పెక్టరు మొహం ఎర్రబడింది. "ఇది మన వంటింటి బల్ల కాదు. విను. మధ్యాహ్నం ఇతను పాపను తీసుకుని ఆస్పత్రికి వెళ్ళాడు. మూడూ ఇరవై నుంచి మూడూ యాభై దాకా అక్కడే ఉన్నాడని నర్సు చెప్పింది. నేను కాదనలేదు. పాపను తల్లికి అప్పగించి అక్కణ్ణించి కోల్డ్ స్టోరేజీకి నడిచాడు. అయిదు నిమిషాల దారి. నాలుగింటికి మామగారితో గొడవ. నాలుగూ పదికి గుమాస్తా వచ్చి చూస్తే శవం పక్కన స్పానరుతో నిలబడి ఉన్నాడు. ముందు వారమే పాత వైరింగు విషయమై మామా అల్లుళ్ళు నలుగురిలో పోట్లాడుకున్నారు. 'జనం ప్రాణాలతో ఆడుకుంటున్నావు' అన్నది ఆ వైరింగు గురించే."

"కంప్రెసరు బాగుచేయడానికి రమ్మంటే వెళ్ళాను సార్," అన్నాడు అల్లుడు ఊచల వెనకనుంచి నీరసంగా. "రిపేరు పనికి వెళ్ళేవాడి చేతిలో స్పానరు కాక విసనకర్ర ఉంటుందా? నేను వెళ్ళేసరికే ఆయన పడి ఉన్నారు."

"డాక్టరు గాయం గురించి ఏమన్నాడు?" అని వదిన అడిగింది.

"వెడల్పైన మొద్దు వస్తువుతో కొట్టారన్నాడు. స్పానరు మొద్దు కాదా?"

"మొద్దే. వెడల్పు?"

ఇన్‌స్పెక్టరు బల్ల మీది ఫైలు మూసేశాడు. వదిన మెల్లిగా అంది, "ఆ రోజు విమానం నాలుగుకు కాక ముందే ఊరి మీదికి వచ్చి ఉంటే? ఆ కేక మూడున్నర ప్రాంతంలో వినపడి ఉంటే? అప్పుడు ఇతను ఆస్పత్రిలో పాపకు ఇంజెక్షను వేయిస్తున్నాడు."

"అదీ కనుక్కున్నాను. ఆ రోజు విమానం దిగింది సరిగ్గా నాలుగింటికి. విమానాశ్రయంలో అందరూ ఒకే మాట చెప్పారు. కావాలంటే ఇదిగో, ఈయన్నే అడుగు."

ఫైరాయన చేతికంటిన బిస్కెట్టు పొడి దులుపుకుని, "నాలుగింటికే దిగిందమ్మా," అన్నాడు. "ఎప్పటిలాగే పావుగంట ముందు బండి దగ్గర నిలబడ్డాను. ఫైరింజను సిద్ధంగా లేకపోతే ఎంతటి విమానమైనా దిగడానికి లేదు కదా, రూలు."

"అందరూ ఒకే మాట చెప్పారు. టైలరమ్మ చొక్కా చేతులు ఇంకో మాట చెప్తున్నాయి," అంది వదిన మరిదితో. విమానం మోగాక వ్యాను రావడానికి ఎంతసేపు పట్టిందో, ఆ మధ్యలో టైలరమ్మ ఏమేం చేసిందో వివరించింది. "నీ కేసంతా ఆవిడ ఒక్కరి చెవి మీద నిలబడి ఉంది. ఆ చెవి విన్నది నాలుగింటికి కాదని తేలితే నీ దగ్గర ఏం మిగులుతుంది?"

"విమానం ఎక్కేలోగా ఆవిడ చేత నా ముందు చెప్పించు. చూద్దాం," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఎక్కాక మాత్రం నన్ను విసిగించకు. అన్నయ్యకు కూడా ఫోను చేసి చెప్పకు."

"మీ అన్నయ్యకు చెప్తే ఏం లాభం? నీ పక్షమే."

ఫైరాయన లేచి, పాప తల నిమిరి, "జీపులో డీజిలు పోయించుకొస్తాను. మూడింటికల్లా వచ్చి తీసుకెళ్తా," అని వెళ్ళిపోయాడు. టైలరమ్మ సంగతి అంతమంది ముందు విప్పి చెప్పడం పొరపాటని వదినకు అప్పుడు తట్టలేదు. తన మరిదిని ఒప్పించాలన్న పట్టుదలలో గదిలో ఇంకెవరున్నారో ఆమె లెక్కలోకి తీసుకోలేదు.

*

కోల్డ్ స్టోరేజీ తలుపు గుమాస్తా తీశాడు. బక్కపలచటి మనిషి. యజమాని పోయినప్పటినుంచి ఎవరి దగ్గర సెలవు అడగాలో తెలియక రోజూ వచ్చి కూర్చుంటున్నాడు.

మంచుగది ముందు సిమెంటు వసారా ఉంది. కంప్రెసర్ల గది దానికి ఆనుకునే ఉంది. యజమానిని కొట్టింది వసారాలోనే. అక్కణ్ణించి మంచుగదిలోకి ఈడ్చిన జాడ నేలమీద ఇంకా తెలుస్తోంది. కొట్టినవాడు శవాన్ని చలిలో పెట్టాడంటే టైము తెలియకుండా చేయడానికే అని వదినకు అనిపించింది. కోపంలో మామను కొట్టిన అల్లుడు అయితే అంత తెలివి చూపించి, మళ్ళీ అక్కడే స్పానరు పట్టుకుని నిలబడతాడా?

ఆమె గోడల వెంబడి నడిచింది. కంప్రెసరు గది గుమ్మానికి అటూ ఇటూ రెండు కొక్కేలున్నాయి. ఒకదానికి మంటలార్పే ఎర్ర డబ్బా వేలాడుతోంది. రెండోది బోసిగా ఉంది. దాని కింద గోడ సున్నం మీద డబ్బా ఆనిన పొడుగాటి మరక, చుట్టూ దుమ్ము, మధ్యలో తెల్లగా.

"ఇక్కడిదేది?"

"నింపడానికి తీసుకెళ్ళుంటారండీ."

"ఎవరు?"

"ఫైరాయనే. దీవిలో ఎవరికైనా ఈ డబ్బాలు నింపిచ్చేది ఆయనే. విమానాశ్రయం పని కాక పైపని."

వదిన ఉన్న డబ్బాను కొక్కెం నుంచి దించబోయింది. బరువుంటుందని రెండు చేతులూ వేసి, నడుం బిగబట్టి ఎత్తింది. అది ఆమె అనుకోనంత తేలికగా పైకి లేచి గడ్డానికి తగలబోయింది. ఊపి చూసింది. లోపల ఏమీ కదల్లేదు. పోయిన నెలలోనే నింపినట్టు మెడకు కొత్త చీటీ కట్టి ఉంది.

గుమాస్తా గుమ్మం వైపు ఒక అడుగు వేశాడు.

"చెప్పండి," అంది వదిన డబ్బాను నేల మీద పెడుతూ. "మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు."

"ఆ రోజు పొద్దున కంప్రెసరు దగ్గర వైరు కాలి చిన్న మంట వచ్చిందండీ. పెద్దాయన డబ్బా తీసి నొక్కారు. ఏమీ రాలేదు. రెండోది తీశారు. అదీ అంతే. నేనే ఇసక పోసి ఆర్పాను. ఇద్దరు కూలీలు లోపల పనిలో ఉన్నారు, మంట పెద్దదైతే వాళ్ళ గతేమిటని ఆయన ఒళ్ళంతా వణికిపోయింది. అల్లుడుగారికి కబురు పెట్టమన్నారు. తరవాత లోపలికి వెళ్ళి ఇంకెవరికో ఫోను చేసి మధ్యాహ్నం రమ్మన్నారు. గట్టిగానే మాట్లాడారు."

"ఇన్‌స్పెక్టరుకు చెప్పలేదేం?"

"మంట ఆరిపోయింది కదండీ. ఆయన హత్య గురించి అడిగారు, మంట గురించి అడగలేదు."

జనం ప్రాణాలతో ఆడుకుంటున్నావు. ఆ మాట అల్లుడి వైరింగుకు సరిపోతుంది. ఖాళీ డబ్బాలు తగిలించి పోయినవాడికి ఇంకా బాగా సరిపోతుంది. వదిన ఒంగి డబ్బా అడుగు చూసింది. గుండ్రంగా, అరచేయంత వెడల్పు. మొద్దుగా ఉంది.

కానీ అనుమానం వేరు, రుజువు వేరు. ఫైరాయన విమానాశ్రయంలో తన బండి దగ్గర నిలబడి ఉన్నానని చెప్తున్నాడు. నిలబడ్డాడా లేదా?

"మీకు వ్యాను నడపడం వచ్చా?" అని గుమాస్తాను అడిగింది.

"చేపల వ్యానండీ. వాసన..."

"నేను ముక్కు మూసుకుంటాను. మీరు కళ్ళు తెరిచి నడపండి."

*

విమానాశ్రయం అంటే ఒక రన్‌వే, ఒక పొడుగాటి గది, దాని మీద అద్దాల రేడియో గది. వదిన చేరేసరికి ఇన్‌స్పెక్టరు, బేడీలతో అల్లుడు, పాపనెత్తుకుని అతని భార్య కింద బెంచీల మీద ఉన్నారు. వదిన మరిదిని రెక్క పట్టుకుని మెట్లెక్కించింది. ఖైదీని వదిలి రానన్నాడని ఖైదీనీ ఎక్కించింది. పాపతో అతని భార్యా వెనకే ఎక్కింది.

రేడియో గదిలో ఉద్యోగి ఫ్లాస్కులోంచి టీ వంచుకుంటున్నాడు.

"నాలుగు రోజుల కిందట విమానం ఎన్నింటికి వచ్చింది?" అని వదిన అడిగింది.

"నాలుగింటికి దిగింది."

"దిగడం కాదు. ఊరి మీదికి ఎన్నింటికి వచ్చింది?"

అతను కప్పు కింద పెట్టాడు. "అలా అడగండి. ఆ రోజు నేవీవాళ్ళకు ప్రాక్టీసు లేదు. నేరుగా వచ్చేసింది. మూడూ ముప్పై అయిదుకే నెత్తి మీద ఉంది."

ఇన్‌స్పెక్టరు కంగుతిన్నాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"ఎప్పుడు దిగిందని అడిగారు సార్ మీరు. ఎప్పుడొచ్చిందని అడగలేదు."

"వచ్చాక పాతిక నిమిషాలు గాల్లో ఏం చేసింది?" అంది వదిన.

"చుట్టూ తిరిగింది. ఫైరింజను..."

అప్పుడే అద్దాలు సన్నగా అదిరాయి. ఎక్కడో సముద్రం వైపు మొదలైన మోత దగ్గరై, పెద్దదై, కప్పు మీదుగా దాటిపోయింది. ఇన్‌స్పెక్టరు అలవాటుగా చొక్కా సర్దుకుని, అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు.

"మాటలు తరవాత వదినా. నాలుగైంది. పద."

"వాచీ చూసుకో," అంది వదిన.

అతను చూసుకున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు. మూడూ ముప్పై ఆరు. గోడ గడియారం వంక చూశాడు. అదీ అంతే చెప్పింది.

"ఇవాళ కూడా నేవీవాళ్ళు లేరు," అన్నాడు రేడియో ఉద్యోగి.

ఇన్‌స్పెక్టరు చెయ్యి అల్లుడి భుజం మీంచి దానంతట అదే కిందికి జారింది. దీవికి వచ్చి అతనికి అయిదు రోజులు కాలేదు. అంతలోనే విమానాన్ని బట్టి టైము చెప్పడం అతనికీ అంటుకుంది. పుట్టినప్పటినుంచి దాన్ని వింటున్న టైలరమ్మను ఏమనాలి? అతను ఆ మాట పైకి అనలేదు గానీ, వదినకు వినపడింది.

"ఆ కేక మూడూ ముప్పై అయిదుది," అంది వదిన మెల్లిగా. "నర్సు లెక్క ప్రకారం అప్పుడితను ఎక్కడున్నాడు?"

"ఆస్పత్రిలో," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అల్లుడు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. అతని భార్య పాప తలను గట్టిగా గుండెకు అదుముకుంది. విమానం సముద్రం మీద తిరిగి మళ్ళీ ఊరి వైపు వస్తోంది.

"ఫైరింజను అని ఏదో చెప్పబోయారు," అని వదిన గుర్తుచేసింది.

"అది సిద్ధంగా లేదు. దాని తాళం ఫైరాయన దగ్గరే ఉంటుంది. ఆయన డ్యూటీకి రావాల్సింది విమానం దిగే టైముకు పావుగంట ముందు, అంటే మూడుముప్పావుకు. విమానం ముందొస్తే అప్పటిదాకా ఆగాల్సిందే, అది ఆయన తప్పు కాదు. కానీ ఆ రోజు మూడుముప్పావైనా రాలేదు. నాలుగవుతుండగా వచ్చాడు, ఒళ్ళంతా చెమటలతో. జీపు పంక్చరయిందన్నాడు. ఎన్నడూ ఆలస్యం కాని మనిషి, పైకి రాయొద్దని బతిమాలాడు. నాలుగింటికి దిగనే దిగింది కదా, ఎవరికి నష్టమని ఊరుకున్నాను."

"పావుగంట ముందే నిలబడ్డానన్నాడు నాతో," అన్నాడు ఇన్‌స్పెక్టరు. అతని గొంతులో వెటకారం ఇప్పుడు లేదు.

"నాతో కూడా. ఆయన నిలబడకపోతే విమానం దిగదని కూడా ఆయనే చెప్పాడు. దిగలేదు." వదిన అద్దంలోంచి కిందికి చూసింది. షెడ్డులో ఫైరింజను ఉంది. దాని సీటు మీద ఫైరాయన హెల్మెట్టు ఉంది. పక్కన ఉండాల్సిన జీపు లేదు. "మిమ్మల్ని దింపి ఎక్కడికి వెళ్ళాడు?"

"టైలరమ్మ కోసం," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "నువ్వే పంపావటగా, ఆవిణ్ణి జీపులో తీసుకురమ్మని."

వదిన అతని వైపు తిరిగింది.

"నేను చెప్పలేదు."

గదిలో రేడియో ఒకటే గరగరలాడింది. పైలట్ గొంతు, దిగవచ్చా అని. ఉద్యోగి ఆగమన్నాడు.

వదిన ఫోను తీసి టైలరమ్మకు కలిపింది. మొదటి గంటకే ఎత్తింది. వెనకాల మిషను గలగలమంటోంది. వదిన ఊపిరి వదిలింది.

"అమ్మా, నేను. తలుపు వేసుకోండి. ఎవరొచ్చినా తీయకండి."

"ఇప్పుడే తీశానే," అంది టైలరమ్మ గొంతు తాపీగా. "మన ఫైరాయనొచ్చాడు. ఎర్ర డబ్బా తెచ్చాడు. మిషను మోటారు కాలితే పనికొస్తుందట. నాకెందుకయ్యా అంటే వినడే. అడుగున ఇంత సొట్ట పడింది, పాతది అంటగడుతున్నట్టున్నాడు. ఉండండి, మీతో మాట్లాడతాడేమో ఇస్తా..."

"వద్దు. ఇవ్వొద్దు. బయటికి వచ్చేయండి."

ఆ మాట ఆవిడ విందో లేదో తెలియదు. ఫోను గుడ్డ మీద పెట్టిన చప్పుడైంది. మిషను మాత్రం ఆగలేదు. "లోపలికి రావయ్యా, గుమ్మంలో నిలబడ్డావేం," అన్న మాట దూరంగా వినపడింది.

ఇన్‌స్పెక్టరు అప్పటికే జేబులోంచి తాళంచెవి తీశాడు. అల్లుడి చేతులు లాక్కుని బేడీలు ఊడదీశాడు.

"చేపల వ్యాను నడుపుతావా?"

"రోజూ నడిపేదే సార్."

"టైలరమ్మ ఇంటికి అడ్డదారి ఉందా?"

"రేవు వెనక సందు. నాలుగు నిమిషాలు."

"పద బాబూ," అన్నాడు ఇన్‌స్పెక్టరు. అల్లుణ్ణి అతను అలా పిలవడం అదే మొదలు.

ముగ్గురూ మెట్లు దిగారు. వదిన ఫోను చెవి నుంచి తీయలేదు. విమానం మూడోసారి ఊరి మీదికి వచ్చింది. ఆకాశంలో దాని మోత, ఒక్క క్షణం తేడాతో ఫోనులోనూ అదే మోత. అది రెండు చోట్లా దాటిపోయేదాకా ఆమె వ్యాను వైపు నడుస్తూనే వింది.

దాటిపోయాక, ఫోనులో మిషను చప్పుడు లేదు.